కొబ్బరి దీవుల దొరలు – 3: తాత పేరు మనవడికి

కిందటి భాగాన్ని అలెగ్జాండర్ హేర్ పడవెక్కడంతో ఆపాం. ఇప్పుడే చేతికి తీసుకున్నవాళ్ళ కోసం నాలుగు మాటలు.

హిందూ మహాసముద్రంలో, జావాకు నైరుతిగా సుమారు వెయ్యి కిలోమీటర్ల దూరాన, పగడపు దిబ్బల మీద మొలిచిన 27 బుల్లి దీవులు. పేరు కోకోస్ దీవులు. ఈస్టిండియా కంపెనీ కెప్టెన్ విలియం కీలింగ్ 1609లో చూసి వెళ్ళాడు కాబట్టి కీలింగ్ దీవులని కూడా అంటారు. అన్నీ కలిపితే 14 చదరపు కిలోమీటర్ల నేల. అక్కడ 1826 దాకా మనిషన్నవాడు కాపురం పెట్టలేదు. ఆ ఏడు హేర్ దిగాడు. బోర్నియోలో రాజాలా బతికి, ఆ వైభోగం పోయాక, బానిసలనూ అంతఃపురం ఆడవాళ్ళనూ కలిపి వందమంది దాకా వెంటబెట్టుకుని వచ్చాడు. మరుసటి ఏడు, ఒకప్పుడు అతని ఓడలు నడిపిన షెట్లాండ్ నావికుడు జాన్ క్లూనీస్ రాస్ భార్య ఎలిజబెత్‌తో, పిల్లలతో, అత్తగారితో సహా వచ్చి పడ్డాడు. ఇద్దరికీ క్షణం పడలేదు. హేర్ మనుషులు ఒక్కొక్కరే రాస్ పంచన చేరారు. 1831కల్లా హేర్ చాప చుట్టేశాడు, 1834లో సుమత్రాలోని బెంకూలెన్‌లో కన్నుమూశాడు. దీవులూ, హేర్ తెచ్చిన జనమూ రాస్ చేతికి వచ్చారు.

ఇక ఈ భాగం సంగతి. ఇది రెండు, మూడు తరాల కథ. రాసుకుపోయే ముందు ఒక చిక్కు చెప్పాలి. ఈ ఇంట్లో అందరూ జాన్‌లు, లేకపోతే జార్జ్‌లు. మొదటివాడు జాన్. అతని కొడుకు జాన్ జార్జ్. అతని కొడుకు జార్జ్. అతని కొడుకు జాన్ సిడ్నీ. అతని కొడుకు జాన్ సెసిల్. చరిత్ర రాసేవాళ్ళకే తల తిరిగి, రాజులకు వేసినట్టు అంకెలు వేశారు: ఒకటో రాస్, రెండో రాస్, మూడో రాస్. తాత పేరు మనవడికి పెట్టుకునే మనకు ఇది వింతేమీ కాదు. ఒకే పేరున్న ముగ్గురిని పెద్దబ్బాయి, చినబాబు, బుల్లిబాబు అని విడదీసుకునే ఊళ్ళు మనవి. ఈ ధారావాహికలో నేనూ ఆ అంకెలే వాడతాను.

హేర్ వెళ్ళిపోయిన ఐదేళ్ళకు దీవికి ఒక చుట్టం వచ్చాడు. 1836 ఏప్రిల్ 1న బీగిల్ అనే ఓడ లంగరేసింది. అందులో చార్లెస్ డార్విన్ ఉన్నాడు. వయసు 27. ఇంకా ఎవరికీ పెద్దగా తెలియని కుర్రవాడు. దొర ఆ రోజుల్లో దీవిలో లేడు. లీస్క్ అనే ఇంగ్లీషువాడు అతిథి మర్యాదలు చూశాడు. 12వ తేదీ దాకా ఉన్న డార్విన్‌కు ఇక్కడి పగడపు వలయమే పెద్ద పాఠమైంది. ఒడ్డుకు రెండు వేల గజాలు దాటిన చోట కెప్టెన్ ఫిట్జ్‌రాయ్ 7,200 అడుగుల తాడు వదిలినా అడుగు తగల్లేదు. సముద్రంలో మునిగిపోతున్న కొండ చుట్టూ పగడం పైపైకి కట్టుకుంటూ వస్తుందన్న తన ఊహకు డార్విన్ ఇక్కడ రుజువు చూసుకున్నాడు. 1842లో దాన్ని పుస్తకం చేశాడు.

డార్విన్‌కు బావులు కూడా తమాషాగా కనిపించాయి. ఇసుకలో కాస్త తవ్వితే మంచినీళ్ళు. పోటు వచ్చినప్పుడు బావిలో నీళ్ళు పైకి లేస్తాయి, పాటులో దిగుతాయి. అయినా ఉప్పగా ఉండవు. మన బాపట్ల, చీరాల తీరంలో దొరువులు చూసినవాళ్ళకు ఈ కిటుకు చెప్పక్కర్లేదు. వాననీరు తేలిక, ఉప్పునీరు బరువు. ఇసుకలో ఒకదాని మీద ఒకటి నిలుస్తాయి. ఈ పలచటి మంచినీటి పొర లేకపోతే రాస్ వంశమూ లేదు, ఈ కథా లేదు.

డార్విన్ మనుషులను కూడా చూశాడు. ఇక్కడి మలయ్‌లు పేరుకు స్వతంత్రులే గాని చాలా విషయాల్లో బానిసల లెక్కే అన్న భావం రాసిపెట్టాడు. మొదటి రాస్‌కు ఆ కుర్రవాడంటే మంట. పగడపు సిద్ధాంతం మీదే కలం పట్టి, అదంతా తప్పని వాదిస్తూ పోయాడు. పగడపు దిబ్బ మీద బతికేవాడిని నేను, పన్నెండు రోజులుండి పోయిన పిల్లవాడు నాకు చెప్పేదేమిటన్నది అతని ధోరణి. శాస్త్రం మటుకు పిల్లవాడి వైపే తీర్పిచ్చింది.

1854లో మొదటి రాస్ చనిపోయాడు. పెద్దకొడుకు జాన్ జార్జ్ దొర అయ్యాడు. 1823లో పుట్టినవాడు, దీవికి వచ్చేటప్పటికి నాలుగేళ్ళు నిండీ నిండని పసివాడు. చదువు, ఆట, పని, భాష అన్నీ మలయ్ పిల్లల మధ్యే. అందుకే యుక్తవయసు రాగానే అతను స్కాట్లాండ్ వైపు చూడలేదు. స్పియా దుపోంగ్ అనే మలయ్ స్త్రీని పెళ్ళి చేసుకున్నాడు. 1842లో వాళ్ళకు జార్జ్ పుట్టాడు.

వంశవృక్షం గీసేటప్పుడు చేయి ఆగేది ఇక్కడే. జాన్ జార్జ్ పెట్టెకు పైన తండ్రి, తాత, షెట్లాండ్, పుట్టిన ఊరు, ఏడాది అన్నీ దొరుకుతాయి. స్పియా దుపోంగ్ పేరున్న పెట్టెకు పైన అంత వివరంగా గీయడానికి కాగితాలు మాట్లాడవు. ఆవిడ లేకపోతే మూడో రాస్ లేడు, నాలుగో రాస్ లేడు. అయినా పుస్తకాల్లో ఆవిడకు దక్కింది ఒక వాక్యం. జార్జ్ కూడా తండ్రి బాటే పట్టి ఇనిన్ అనే మలయ్ స్త్రీని చేసుకున్నాడు. 1868లో పుట్టిన జాన్ సిడ్నీ దగ్గరకు వచ్చేసరికి లెక్క వేసి చూడండి: స్కాటిష్ దొరగారి రక్తంలో ముప్పాతిక వంతు మలయ్. ఇంటిపేరు మాత్రం చెక్కుచెదరలేదు.

దీవి జనానికి వంశం లెక్క వేరు. కోకోస్ మలయ్‌లలో తొలిబిడ్డ పుట్టగానే తల్లిదండ్రుల పాత పేర్లు పక్కకు జరుగుతాయి. ఆ బిడ్డ పేరు ముందు ‘పాక్’ చేర్చి తండ్రిని, ‘మాక్’ చేర్చి తల్లిని పిలుస్తారు. మనవడు పుడితే ‘నెక్’. పల్లెటూళ్ళో ‘బుజ్జిగాడి నాన్న’, ‘చిట్టి వాళ్ళమ్మ’ అని పిలుపులు విన్నవాళ్ళకు ఇది అర్థమవుతుంది. మొగుడి పేరు నోటితో అనకూడదని మన అమ్మమ్మలు కనిపెట్టిన ఉపాయం కూడా ఇదే కదా. దొర ఇంట్లో పేరు తాత నుంచి కిందికి దిగుతుంది. కూలి ఇంట్లో పేరు బిడ్డ నుంచి పైకి ఎక్కుతుంది. కిందికి దిగే పేరు ఆస్తి కాగితాలకు పనికొస్తుంది. పైకి ఎక్కే పేరుతో నాలుగు తరాలు వెనక్కి వెళ్ళి ఇది మా ముత్తాత కట్టిన ఇల్లు అని కోర్టులో నిరూపించడం కష్టం. ఈ తేడా ఎంత పని చేసిందో చివరి భాగంలో, 1984 దగ్గర, చూస్తాం.

రెండో రాస్ హయాంలోనే దీవికి జెండా వచ్చింది. వచ్చిన తీరు మాత్రం నవ్వొస్తుంది. 1857 మార్చి 31న కెప్టెన్ ఫ్రీమాంటిల్ నడిపే జూనో అనే బ్రిటిష్ యుద్ధనౌక వచ్చి, ఈ దీవులు ఇక బ్రిటిష్ సామ్రాజ్యంలో భాగమని చాటి, జాన్ జార్జ్‌నే పాలకుడిగా నియమించింది. మూడు నెలలు అక్కడే ఉంది. పండుగలా జరిగింది. అసలు కలుపుకోమన్నది ఈ కోకోస్ కాదనీ, అండమాన్ల పక్కనున్న కోకో దీవులనీ తర్వాత తేలిందంటారు. మన దగ్గర సిపాయిల తిరుగుబాటు మొదలైన ఏడు అది. ఒక అక్షరం తేడాతో సామ్రాజ్యం వెయ్యి మైళ్ళకు పైగా పక్కకు పడింది. తప్పని తెలిసినా ఎగరేసిన జెండాను ఎవరూ మళ్ళీ దించుకుపోలేదు. మొదటి రాస్ బతికినన్నాళ్ళూ బ్రిటన్ రక్షణ కోసం అర్జీలు పెట్టుకుంటే కదలనిది, కొడుకు అడక్కుండానే పొరపాటున వచ్చి వాలింది.

1862లో తుఫాను కొబ్బరి తోటలను నేలమట్టం చేసింది. జార్జ్ అప్పటికి గ్లాస్గోలో ఇంజినీరింగు చదువుతున్నాడు. చదువు మధ్యలో ఆపి తండ్రికి సాయంగా వచ్చేశాడు. 1871లో జాన్ జార్జ్ పోయాక ఇతనే మూడో రాస్. నా లెక్కలో ఈ వంశంలో అసలైన దొర ఇతనే. తాత దీవిని పట్టుకున్నాడు, తండ్రి నిలబెట్టుకున్నాడు, ఇతను దాన్ని యంత్రంలా నడిపాడు.

ఈ తరంలో దీవి నుంచి పిల్లలను స్కాట్లాండ్ చదువులకు పంపడం మామూలైంది. జార్జ్ తమ్ముడు ఆల్‌ఫ్రెడ్ సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో చదువుతుండగా 1871 మార్చి 27న ఎడింబరోలో స్కాట్లాండ్, ఇంగ్లండ్ జట్లు రగ్బీ ఆడాయి. ప్రపంచంలో తొలి అంతర్జాతీయ రగ్బీ పోటీ అదే. స్కాట్లాండ్ గెలిచింది. ఆ గెలిచిన జట్టులో స్పియా దుపోంగ్ కొడుకు ఉన్నాడు. రెండు జాతుల రక్తమున్న తొలి అంతర్జాతీయ రగ్బీ ఆటగాడని ఇప్పుడు అతన్ని చెప్పుకుంటారు. కొబ్బరి మట్టల నీడలో పెరిగిన కుర్రవాడు స్కాట్లాండ్ మార్చి చలిలో బురదలో పడి దొర్లుతున్న దృశ్యం ఎందుకో నాకు పదేపదే గుర్తొస్తుంటుంది.

సరే, ఆ చదువులకు డబ్బు ఎక్కడిది? ఎండుకొబ్బరిది. కోనసీమలో అయితే దింపువాళ్ళు చెట్టెక్కి గెల కోస్తారు. కోకోస్‌లో కాయ పండి తనంతట తాను రాలేదాకా ఆగేవారు. పొద్దున్నే మగవాళ్ళు జుకోంగ్ అనే తెరచాప పడవల్లో సరస్సు దాటి ఎదుటి దీవులకు పోయేవారు. రాలిన కాయలు ఏరి, నేలలో నిలబెట్టిన ఇనప మొన మీద గుచ్చి పీచు ఒలిచి, పడవ నింపుకుని సాయంత్రానికి హోమ్ ఐలాండ్ చేరేవారు. ఆ ఊరున్న దీవి చదరపు కిలోమీటరు కూడా ఉండదు. అక్కడ ఆడవాళ్ళు కాయ పగలగొట్టి, చిప్ప నుంచి కొబ్బరి తీసి ఎండబెట్టేవారు. వాన మబ్బు కనిపిస్తే పరుగులు. తడిసిన కొబ్బరి బూజు పట్టిందంటే ఆ సరుకుకు ధర లేదు. కూలి కాయల లెక్కన. ఎన్ని కాయలు ఒలిచావన్నదే మనిషి విలువ. జావా పడమటి కొస బాంటెన్ నుంచి తెచ్చిన కూలీలకు ఊళ్ళోనే వేరే పేట. కోకోస్‌లో పుట్టినవాళ్ళకు, వాళ్ళకు మధ్య ఒక గీత. ఎక్కడికి పోయినా మనుషులు పేటలు కట్టుకోకుండా ఉండలేరు కాబోలు.

ఆ కూలి ఏ డబ్బుతో ఇచ్చేవారన్నది ఈ కథలో నాకు బాగా నచ్చిన ముక్క. మూడో రాస్ గొర్రెతోలు మీద నోట్లు అచ్చు వేయించాడు. రూపాయి, అయిదు రూపాయలు, పావలా, ఇలా. అవును, రూపాయే. అప్పట్లో రూపాయి మన ఒడ్డు దాటి చాలా రేవుల్లో నడిచే మాట. కాగితమైతే ఆ చెమ్మలో పది రోజుల్లో పిండైపోతుంది, తోలు నిలుస్తుంది. నోటు చెల్లేది మాత్రం ఒక్క చోటే, దొరగారి కొట్లో. బియ్యం అక్కడే, బట్ట అక్కడే. దీవి దాటితే అది గొర్రెతోలు ముక్క. ఉప్పుపప్పులు అప్పిచ్చి కూలీని కట్టేసే తేయాకు తోటల పద్ధతి విన్నదే. ఇక్కడ అప్పు కూడా అక్కర్లేకపోయింది. చేతిలో డబ్బు నిండుగా ఉన్నా పోవడానికి దారి లేదు.

దానికి తోడు ఇంకో కట్టుబాటు. ఎవరైనా దీవి విడిచి పోదలిస్తే పోవచ్చు, తిరిగి రాకూడదు. వినడానికి ఎంత ఉదారంగా ఉందో చూడండి. గొలుసులు లేవు, కాపలా లేదు. అమ్మానాన్నలు, అక్కచెల్లెళ్ళు, తాతల సమాధులు ఉన్నచోటికి మళ్ళీ కాలు పెట్టే వీల్లేదనడమే చాలు.

మరోపక్క న్యాయం చెప్పాలంటే, రాస్‌ల హయాంలో ఆకలి చావులు ఉన్నట్టు ఎక్కడా కనపడదు. ప్రతి కుటుంబానికీ ఇల్లు. పిల్లలకు చేతిపనులు నేర్పేవారు. పడవలు కట్టడంలో ఆ దీవివాళ్ళకు సాటి లేదు. పెళ్ళి వస్తే ఊరంతా పండుగ. పెళ్ళిలో ఫిడేలు మీద స్కాటిష్ రీల్ పాటలు వాయిస్తే మలయ్ పెద్దలు వరసలు కట్టి ఆడేవారు. మసీదులో నమాజు, పెళ్ళిపందిట్లో షెట్లాండ్ ఫిడేలు. ఈ కలగలుపును చూసి మురిసిపోయిన యాత్రికులు, దొర మనసు వెన్న అని రాశారు. వాళ్ళెవరూ కాయలు ఒలవలేదన్నది వేరే సంగతి.

తుఫాను మళ్ళీ 1876 జనవరిలో విరుచుకుపడింది. చెట్లు పోయాయి, ఇళ్ళు పోయాయి. కొబ్బరి మొక్క నాటితే చేతికొచ్చేసరికి ఏడెనిమిదేళ్ళు. ఒక పంట మీదే బతకడం ఎంత ప్రమాదమో జార్జ్‌కు అప్పుడు గట్టిగా తెలిసొచ్చి ఉంటుంది. అతని చూపు ఈశాన్యంగా ఉన్న క్రిస్మస్ ఐలాండ్ మీద పడింది. 1888లో తమ్ముడు ఆండ్రూను కుటుంబంతో సహా అక్కడ ఫ్లయింగ్ ఫిష్ కోవ్ అనే రేవులో దింపాడు. ఎందుకంటే కలప కోసం అని పైకి. అదే సమయంలో స్కాట్లాండ్‌లో సముద్ర శాస్త్రవేత్త జాన్ ముర్రే ఆ దీవి రాయి ముక్కను పరీక్ష చేసి, అది దాదాపు శుద్ధమైన ఫాస్ఫేట్ అని తేల్చాడు. ఫాస్ఫేట్ అంటే ఎరువు, ఎరువంటే బంగారం. ఆ ఏడు జూన్‌లోనే బ్రిటన్ దీవిని కలుపుకుంది. దీవి నాదంటే నాదని ఇద్దరూ పట్టుబట్టారు. దిగి కాపురం పెట్టింది మేమని రాస్, విలువ కనిపెట్టింది నేనని ముర్రే. 1891లో ప్రభుత్వం ఇద్దరికీ కలిపి 99 ఏళ్ళ కౌలు రాసిచ్చి చేతులు దులుపుకుంది. 1897లో కంపెనీ పుట్టింది. అరవై ఏళ్ళ కిందట తాత హేర్‌తో పడిన పాట్లనే మనవడు ముర్రేతో పడ్డాడు. కాకపోతే తాత కాలంలో పోటీదారు ఓడెక్కి పోయాడు. మనవడి కాలానికి పోటీదారుతో భాగస్వామ్యం రాసుకోవాల్సి వచ్చింది.

ఈ క్రిస్మస్ ఐలాండ్ గొడవకు ముందే లండన్ నుంచి ఇంకో కాగితం వచ్చింది. 1886 జూలై 7న విక్టోరియా రాణి పేరిట రాసిన దస్తావేజు. కోకోస్ దీవులు జార్జ్ క్లూనీస్ రాస్‌కూ అతని వారసులకూ శాశ్వతంగా చెందుతాయని అందులో ఉంది. అప్పటికి ఆ దీవుల్లో మూడు తరాలుగా పుట్టి పెరిగిన మలయ్ జనం ఉన్నారు. వాళ్ళ తాతలు రాస్ కన్నా ఒక ఏడాది ముందే, హేర్‌తో వచ్చి దిగినవాళ్ళు. మొదట వచ్చినవాళ్ళకే నేల అనుకుంటే దస్తావేజులో ఉండాల్సిన పేర్లు వేరు. కానీ వాళ్ళు ‘వచ్చినవాళ్ళు’ కారు, ‘తెచ్చినవాళ్ళు’. ఆ ఒక్క మాట తేడా దగ్గరే చట్టం కళ్ళు మూసుకుంది.

దస్తావేజు చేతికొచ్చాక జార్జ్ ఒక బంగళా మొదలుపెట్టాడు. పేరు ఓషనియా హౌస్. స్కాట్లాండ్ నుంచి ఓడల్లో తెప్పించిన, నిగనిగలాడే పూత వేసిన తెల్ల ఇటుకలు. చుట్టూ కొబ్బరాకు కప్పిన ఇళ్ళ నడుమ ఆ తెలుపు సరస్సు అవతలి నుంచి కూడా కనిపించి ఉంటుంది. ఆ గోడలు ఈనాటికీ ఉన్నాయి.

1901లో ఆ తెల్ల బంగళాకు ఎదురుగా, సరస్సు అవతల డైరెక్షన్ ఐలాండ్ మీద కొత్త పొరుగువాళ్ళు దిగారు. ఆఫ్రికాను ఆస్ట్రేలియాతో కలిపే సముద్రగర్భ టెలిగ్రాఫ్ తీగ ఇక్కడ పైకి తేలింది. అక్కడో స్టేషన్ కట్టి ఆపరేటర్లను పెట్టారు. తెల్ల కుర్రవాళ్ళు, చేతిలో జీతం, ఆడుకోవడానికి టెన్నిస్ కోర్టు. 1905లో ఆ స్టేషన్‌కు డాక్టరుగా వచ్చిన ఫ్రెడరిక్ వుడ్ జోన్స్ పగడాల మీద పిచ్చిగా పని చేశాడు. 1910లో అతని పుస్తకం వెలువడింది. అదే ఏడు మూడో రాస్ కూతురు గెర్‌ట్రూడ్‌ను పెళ్ళాడాడు. తర్వాత ఆస్ట్రేలియాలో పేరుమోసిన శరీరశాస్త్ర ఆచార్యుడయ్యాడు. గెర్‌ట్రూడ్ ముత్తాత, అంటే మొదటి రాస్, డార్విన్ పగడం సిద్ధాంతాన్ని తిట్టిపోశాడని చెప్పాను కదా. ఈ అల్లుడు కూడా డార్విన్‌తో ఏకీభవించలేదు.

ఇంకో కొమ్మ సంగతి చెప్పి ఈ చెట్టు దిగుతాను. ఆస్ట్రేలియాలో స్థిరపడిన క్లూనీస్ రాస్ శాఖలో ఇయన్ అనే శాస్త్రవేత్త పుట్టాడు. 1973లో ఆ దేశం అచ్చు వేసిన 50 డాలర్ల నోటు మీద ఒకవైపు అతని బొమ్మ ఉంది. గొర్రెతోలు మీద సొంత రూపాయి అచ్చు వేసుకున్న ఇంటిపేరు చివరికి నిజమైన నోటు మీదకు ఎక్కింది. తమాషా ఏమిటంటే, ఇయన్ బతుకంతా చేసిన పరిశోధన గొర్రెల రోగాల మీద.

1909 నవంబరులో మళ్ళీ తుఫాను. తోటలు మూడోసారి నేలకూలాయి. మరుసటి ఏడు, 1910లో, మూడో రాస్ చనిపోయాడు. జాన్ సిడ్నీ నాలుగో రాస్ అయ్యాడు. వయసు నలభై దాటింది, పెళ్ళి కాలేదు. చేతికొచ్చినవి విరిగిన చెట్లు, తెల్ల బంగళా, రాణిగారి దస్తావేజు, గొర్రెతోలు నోట్లు. ఆ నోట్ల బదులు త్వరలోనే దంతంలా కనిపించే బిళ్ళలు చేయించబోతున్నాడు.

వచ్చే భాగానికి ఒక ఓడ వస్తుంది. దాని పేరు మన పెద్దవాళ్ళలో కొందరు వినే ఉంటారు. 1914 సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు రేవు మీద ఫిరంగులు పేల్చి, చమురు ట్యాంకులు తగలబెట్టి, పట్నంవాళ్ళను మూటాముల్లెతో పల్లెలకు పరుగెత్తించిన జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్. అక్కడి నుంచి తిరిగి తిరిగి అది నవంబరు 9 తెల్లవారుజామున చేరింది కోకోస్ దీవులకే. యాభైమంది సైనికులు డైరెక్షన్ ఐలాండ్ మీదికి దిగారు. వైర్‌లెస్ స్తంభం కూల్చేటప్పుడు దయచేసి టెన్నిస్ కోర్టు మీద పడనివ్వకండని స్టేషన్‌వాళ్ళు అడిగితే, సరేనని పక్కకు పడగొట్టారు. సరస్సులో నాలుగో రాస్‌గారి స్కూనర్ ‘ఆయేషా’ లంగరేసి ఉంది. సాయంత్రానికి అది అక్కడ లేదు.